కరారు సేవకులు: వర్జీనియా, బార్బడోసు తోటలలో వారి కష్టములు

కరారు సేవకుడనగా, సముద్రప్రయాణమునకు వలయు సొమ్ము తనయొద్ద లేమిచే, ఆ సొమ్మునకు బదులుగా కొన్ని సంవత్సరముల తన శరీరశ్రమను పరాధీనము చేయుచు పత్రము వ్రాసియిచ్చి, ఆ పత్రముతోడనే వలసభూమియందొక యజమానికి విక్రయింపబడిన వ్యక్తి. 17వ శతాబ్దపు పూర్వార్ధము మొదలు అమెరికా స్వాతంత్ర్యయుద్ధము వరకు బ్రిటిషు అమెరికా వలసలకు తరలిపోయిన శ్వేతజాతీయులలో సగమునుండి మూడింట రెండు వంతులవరకు ఇట్టి పత్రములక్రింద పోయినవారేయని చరిత్రకారుల అంచనా. చీసపీక్ అఖాతము చుట్టునుగల వర్జీనియా, మేరీలాండు సీమల పొగాకు తోటలును, కరీబియను సముద్రమందలి బార్బడోసు ద్వీపపు చెరకు తోటలును మొట్టమొదట వీరి చెమటతోడనే పెరిగినవి. ఆఫ్రికానుండి బలవంతముగా తెచ్చిన బానిసల శ్రమ వీరి స్థానము నాక్రమించుట పిదప జరిగిన పరిణామము.

వీరి దుఃస్థితిని వర్ణించినవారు సాధారణముగా ఆకలిని, జ్వరమును, కొరడాను చెప్పి విరమింతురు. అవి యన్నియు సత్యములే. అయినను మూలము వెదకబోయినవానికి మరియొక విషయము కనబడును. సేవకుని మనస్సున కాశ కల్పించిన నిబంధన యేదో, అనగా సేవ కొన్ని యేండ్లకే పరిమితమను నిబంధన యేదో, అదియే వాని దుర్గతికి ప్రధానకారణ మయ్యెను. యజమాని సొమ్మిచ్చి కొన్న వస్తువు కాలము. కొన్న కాలము తరిగిపోవుచుండగా దానినుండి పిండవలసినదంతయు పిండుకొనవలెనన్న తహతహయు, తరిగిన కాలమును ఏదో యొక నెపముతో మరల పెంచుకొనవలెనన్న యత్నమును ఈ వ్యవస్థ చరిత్రలో ఆద్యంతము గోచరించును.

వ్యవస్థయొక్క పుట్టుక: లండను వర్తకుల వర్జీనియా కంపెనీ 1607లో జేమ్సుటౌనున స్థాపించిన వలస మొదటి పదియేండ్లును చావుబ్రతుకుల నడుమ ఊగిసలాడెను. 1609–10 శీతకాలమున, చరిత్రలో ‘ఆకలికాలము’గా పేరొందిన ఆ నెలలలో, ఇంచుమించు 500 మందిలో 60 మంది మాత్రమే మిగిలిరి. 1612 ప్రాంతమున జాన్ రోల్ఫ్ అనునతడు కరీబియను జాతి పొగాకును సాగుచేసి చూపినపిమ్మట గాని ఆ నేలకు విలువ యేర్పడలేదు. లండను విపణిలో పొగాకునకు మంచి ధర పలుకుచుండుటచే తీరమందలి వారందరును తిండిగింజల సంగతి మరచి పొగాకు వేయ నారంభించిరి. నేల కావలసినంత యుండెను. లేనిది పనిచేయు చేతులే. ఇంగ్లండునందో యిందుకు విపర్యయముగా, జనసంఖ్య పెరిగి, ఊరుమ్మడి పొలములు కంచెల పాలై, కూలి గిట్టుబాటుగాక, పనికై పట్టణములకు వలసపోయిన యువకులు వీధులవెంట తిరుగుచుండిరి. ఈ రెంటిని కలుపు వంతెనగా కరారుపద్ధతి వెలసినది.

దీనిని 1618లో కంపెనీ ప్రకటించిన భూదానవిధి మరింత బలపరచెను. ఒక్కొక మనుష్యుని ప్రయాణవ్యయమును భరించి వలసకు చేర్చినవానికి ఆ తలకు 50 ఎకరముల నేల లభించును. నేల దక్కునది ఖర్చు పెట్టినవానికే గాని ఓడదిగిన సేవకునకు గాదు. దిగినవాడు ఆరునెలలలో జ్వరముతో మరణించినను ఆ 50 ఎకరములు యజమానివే. సేవకుడు బ్రతికిన శ్రమ లభించును, చచ్చిన నేల మిగులును. కొనువానికి ఏవిధముగను నష్టములేని బేరమని దీనిని చెప్పవచ్చును.

కరారుపత్రమును ఒకే కాగితముపై రెండు ప్రతులుగా వ్రాసి, నడుమ పంటివరుసవలె వంకరటింకరగా కోసి చెరిసగము పంచుకొనుట ఆచారము. వివాదము వచ్చినప్పుడు రెండు అంచులును సరిపోయినచో పత్రము నిజమైనది. అందలి షరతులు మొత్తముమీద ఒకే తీరుగా నుండెడివి. పెద్దవారికి నాలుగు మొదలు ఏడేండ్ల సేవ; యజమాని అన్నపానములు, వస్త్రములు, వసతి యొసగవలెను; గడువు ముగిసిననాడు విడుదలకానుకగా కొంత ధాన్యము, బట్టలు, ఒక్కొక్కచో పనిముట్లు ముట్టజెప్పవలెను. ప్రయాణవ్యయము అయిదారు పౌనులకు మించకపోయినను కూలివానికి అది అనేకమాసముల వేతనము. పత్రము లేకుండ పోయినవారి గతి మరింత దీనము. వారు ‘దేశాచారము’ ననుసరించి సేవ చేయవలెను. ఆ యాచారమును నిర్ణయించు శాసనసభలో కూర్చున్నవారు యజమానులే. వర్జీనియా సభ 1666లో చేసిన శాసనముప్రకారము పత్రము లేక వచ్చినవారిలో 19 ఏండ్లు నిండినవారు అయిదేండ్లును, నిండనివారు 24వ యేడు వచ్చువరకును సేవ చేయవలసియుండెను.

సేకరణమార్గములు: స్వేచ్ఛగా సంతకము చేసి పోయినవారు చాలమంది కలరు. బ్రిస్టలు నగరమున 1654లో మొదలిడి 1686 వరకు నడపిన దస్తరములలో ఇంచుమించు 10,000 మంది పేర్లు నమోదైనవి. వారిలో రైతుబిడ్డలు, చేతిపనివారు, కూలీలు, పనిపిల్లలు అందరును గలరు. ఈ దస్తరములు పుట్టుటకు కారణమే వేరొకవిధపు సేకరణ. ఓడరేవులలో మాటకారితనముతోను, మద్యముతోను, చిన్నపిల్లలకైనచో మిఠాయిలతోను మభ్యపెట్టి ఓడలలోని కెక్కించు దళారులు ప్రబలియుండిరి. పిల్లల నెత్తుకొనిపోవువారిని పట్టి శిక్షింపవలెనని ఇంగ్లండు పార్లమెంటు 1645లో ఉత్తరువు చేయవలసివచ్చెనన్న, ఈ వ్యాపారము ఎంతగా బలిసియుండెనో ఊహింపవచ్చును. ప్రభుత్వము మాత్రము చేతులు ముడుచుకొని యుండలేదు, తానును అదే పని చేసెను. 1618–19లో లండను నగరపాలకులు వీధులలో తిరుగు దిక్కులేని బాలబాలికలను నూరుమందిని కంపెనీతో ఒప్పందము చేసికొని వర్జీనియాకు పంపిరి. మరుసటి తూరి పంపబోవువారిలో కొందరు పిల్లలు పోమని మొండికేసినప్పుడు, బలవంతముగానైనను పంపవచ్చునని 1620లో రాజుగారి మంత్రిపరిషత్తు అధికార మిచ్చెను.

యుద్ధఖైదీలు వేరొక తరగతివారు. 1649లో ఐర్లండునందలి డ్రోగెడా నగరము పడినపిమ్మట చావక మిగిలిన ఐరిషు సైనికులను ఇంగ్లీషు సేనాని క్రామ్‌వెల్ బార్బడోసునకు పంపించెను. స్కాట్లండు యుద్ధములలో పట్టుబడినవారికిని ఇదే గతి. 1685లో మన్మతు ప్రభువు తిరుగుబాటు అణగిన పిదప ఇంచుమించు 800 మందిని కరీబియను ద్వీపములకు పదియేండ్ల సేవకై పంపిరి. వారిలో హెన్రీ పిట్మన్ అను శస్త్రవైద్యుడొకడు. అతడు చిన్న పడవలో సహచరులతో తప్పించుకొని, సముద్రమున నానాయాతనలుపడి ఇంగ్లండు చేరి, 1689లో తన కథను ప్రకటించెను. ఇట్టివారికి పత్రములును లేవు, సంతకములును లేవు. అయినను తోటలో వారి బ్రతుకు కరారు సేవకుల బ్రతుకే.

ప్రయాణము, విక్రయము: గాలి అనుకూలించినచో ఎనిమిది వారములు, లేనిచో పండ్రెండు, అంతకు మించియు ప్రయాణము సాగెడిది. సరకుల నడుమ, నడుము నిక్కించి నిలుచుటకు వీలులేని అడుగు అంతస్తులో, ఉప్పుమాంసము, ఎండురొట్టె, మురిగిన నీరు ఆధారముగా ఈ దినములు గడపవలెను. 1655 నాటి సాల్స్‌బరీ తిరుగుబాటుతో సంబంధము గలదని పట్టువడిన మార్సెలస్ రివర్సు, ఆక్సెన్‌బ్రిడ్జి ఫాయిల్ అను ఇరువురు పెద్దమనుష్యులు 1659లో పార్లమెంటునకు సమర్పించిన విజ్ఞాపనలో తమను ఓడ అడుగున గుఱ్ఱముల మధ్య బంధించి తీసికొనిపోయిరని వ్రాసికొనిరి. ఒక శతాబ్దము గడచినను ఈ పరిస్థితి మారలేదనుటకు గాట్లీబ్ మిటెల్‌బర్గర్ అను జర్మను సంగీతోపాధ్యాయుని గ్రంథము సాక్ష్యము. 1750లో పెన్సిల్వేనియాకు పోయిన ఇతడు తన యోడలో 32 మంది పసిపిల్లలు మరణించి సముద్రము పాలైరని వ్రాసెను. సగము దూరము దాటినపిమ్మట భర్త చనిపోయినచో భార్యయు, తల్లిదండ్రులు చనిపోయినచో బిడ్డలును ఆ మృతుల ప్రయాణపు బాకీకిగూడ సేవ చేయవలెనన్న నియమమును చెప్పినదియు ఇతడే. మనుష్యుడు సముద్రగర్భమునకు చేరినను అతని బాకీ మాత్రము మునుగలేదు.

తీరము చేరిన యోడమీదికి తోటల యజమానులు వచ్చి, సేవకులను నిలువబెట్టి, కండలు తడవి, నడిపించి, మాటాడించి కొనుచుండిరి. కప్తాను చేతిలోని పత్రముపై పేరు మారును. వెల పొగాకులోనో పంచదారలోనో చెల్లును. రివర్సు, ఫాయిలుల విజ్ఞాపనలో తమను పనిచేయు శక్తి ననుసరించి ఇంచుమించు 1,550 పౌనుల బరువుగల పంచదారకు ఒక్కొకనిగా విక్రయించిరని యున్నది. అటుపై ఆ పత్రము చరాస్తి. యజమాని దానిని మరియొకనికి అమ్మవచ్చును, బాకీక్రింద జమకట్టవచ్చును, మరణశాసనమున వారసులకు వ్రాయవచ్చును. ఇంగ్లండులో వ్యవసాయపు పనివానికిని యజమానికిని ఏడాది ఒప్పందమే ఆచారము. ఆ పనివానిని అతని యనుమతి లేక ఒకరినుండి మరియొకరికి బదలాయించు హక్కు అచ్చట ఎవ్వరికిని లేదు. కావున వలసకు వచ్చినవాడు దేశమునేకాక న్యాయమును గూడ మారినట్లయ్యెను.

నీటిమార్పు, ఆకలి: కొత్తగా వచ్చినవాడు మొదటి వేసవి గడచువరకు బ్రతుకునా యనునది పెద్ద సందేహము. జేమ్సు నదీతీరపు చిత్తడినేలలలో చలిజ్వరము, రక్తగ్రహణి, విషజ్వరము ఏటేట కాచుకొని యుండెడివి. 1607 మొదలు 1624 వరకు ఏడువేలమందికి పైగా వర్జీనియాకు చేరిరి. 1625 ఆరంభమున జరిగిన జనగణనలో కనబడినవారు సుమారు 1,200 మంది. ఈ లెక్కలో 1622 మార్చి 22న ఒపెచాంకనో నాయకత్వమున పవ్‌హటన్ ప్రజలు జరపిన దాడిలో మృతులైన 347 మందియు చేరియున్నారు. తమ వేటభూములను పొగాకు తోటలు దినదినము మ్రింగివేయుచుండగా సహింపలేక వారు చేసిన దాడి యది. దాని పర్యవసానముగా మొక్కజొన్నసాగు చెడి, మరుసటి యేడు వలసయంతటను కరవు తాండవించెను.

ఆ కరవులోనే, 1623 మార్చి, ఏప్రిలు మాసములలో, మార్టిన్సు హండ్రెడ్ అను తోటలో సేవచేయుచుండిన రిచర్డ్ ఫ్రెథార్న్ అను యువకుడు తల్లిదండ్రులకు వ్రాసిన జాబులు దైవికముగా నిలిచియున్నవి. ఓడదిగినది మొదలు బఠానీలును, పలుచని గంజియు తప్ప తనకు తిండి యెరుక లేదనియు, పెనీవెల చేయు రొట్టెను నలుగురు పంచుకొనవలసివచ్చుచున్నదనియు, ఉన్న ఒక్క పైబట్టను తనవంటి సేవకుడే దొంగిలించెననియు, ఇచ్చటి జనులు కాళ్లు చేతులు పోయినను సరే స్వదేశమున ఇంటింట బిచ్చమెత్తుకొని బ్రతికిన చాలునని రాత్రింబవళ్లు ఏడ్చుచున్నారనియు అతడు వ్రాసెను. తనను విడిపించుటకు సొమ్ము లేకపోయినచో కొంత జున్నో, వెన్నయో, మాంసమో పంపుమని, దానిని విక్రయించి వచ్చిన లాభముతో బాకీ తీర్చుకొందునని తండ్రిని వేడుకొనెను. 1624 ఫిబ్రవరిలో తయారైన జాబితాలో అతని పేరు మృతుల వరుసలో నున్నది. అతని జాబులు మనస్సును కదలించుట వర్ణనవలన గాదు; జున్నుముక్కకు, పైబట్టకు, రొట్టెలో నాలుగవ భాగమునకు అతడు కట్టిన ఖచ్చితమైన లెక్కవలన.

పని: పొగాకు సంవత్సరము పొడుగునను ఊపిరి తీయనీయని పంట. గుంటూరు సీమ రైతులకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సీమకు 1920ల నాట వచ్చి పాతుకొనిన సాగు పేరుకూడ వర్జీనియా పొగాకే గదా. చీసపీకున శీతకాలపు చివర నారుమడి పోసి, వసంతమున అడవి నరికిన మోడుల నడుమ గుద్దలితో మట్టికుప్పలు చేసి, మే, జూను మాసముల వానలలో కుప్పకొక మొక్క చొప్పున నాటవలెను. నాగలి లేదు, ఎద్దులు అరుదు, అంతయు గుద్దలిపనియే. అటుపిమ్మట కలుపు తీయుట, తలలు తుంచుట, పిలకలు గిల్లుట, ఆకు ఆకును త్రిప్పిచూచి పచ్చపురుగులను చేతితో నేరి నలుపుట. ఆగస్టు, సెప్టెంబరులలో మొక్కను మొదలంట నరికి, కొట్టములలో గాలికి వ్రేలాడదీసి, ఆరినపిదప ఆకు విరిచి, పీపాలలో అదిమి నింపవలెను. ఈ పనులలో పెక్కు సరిగ్గా చలిజ్వరము ముమ్మరించు మాసములలోనే పడుటచే, వణకుచున్న మనుష్యుని యజమాని మంచముమీద నుండనిచ్చుట అరుదు. పొగాకు ధర 1620లలో షిల్లింగులనుండి పెన్నీలకు దిగజారినకొలది నష్టమును పూడ్చుకొనుటకై తలకు నాటవలసిన మొక్కల సంఖ్య హెచ్చింపబడుచుండెను. లండను విపణిలో ధర పడిపోవుట ఏ సేవకుని చెవికిని సోకకపోవచ్చును గాని, వాని నడుము మాత్రము దానిని తెలిసికొనెను.

బార్బడోసునందు కష్టము వేరురూపము దాల్చెను. 1627లో ఇంగ్లీషువారు చేరిన ఈ చిన్న ద్వీపమున 1640లలో చెరకు ప్రవేశించెను. 1647లో అచ్చటికి పోయి మూడేండ్లు నివసించిన రిచర్డ్ లిగన్ తరువాత బాకీలక్రింద లండను చెరసాలలో నుండి వ్రాసి 1657లో ప్రకటించిన ద్వీపచరిత్ర దీనికి ముఖ్యాధారము. ఆరుగంటలకు గంట మ్రోగగానే పనికి పోవుట, పదునొకండు గంటలకు గంజి, మరల పని, సాయంకాలమునకు అట్టిదే తిండి. కొత్తగా దిగినవారు తమకు కావలసిన గుడిసెలను తామే కట్టుకొనవలెను, లేనిచో నేలపై పండవలెను. వానలో తడిసి వచ్చినవారు మార్చుకొనుటకు బట్టలేక ఆ తడితోడనే నిద్రించి రోగముల పాలగుదురు. ఎదురాడినచో పైవిచారణకర్త కఱ్ఱతో తల పగులగొట్టును. ఇట్లు వ్రాసిన లిగన్ పక్షపాతి కాడు. వాల్రండ్ అను దొర తన సేవకులకు మార్చుబట్టలు, పడకకు ఉయ్యాలలు ఇప్పించి వారి ప్రేమను చూరగొనెనని మెచ్చుకొనెను. అతడు గమనించిన ముఖ్యాంశమేమనగా, నీగ్రో బానిసలు యావజ్జీవము యజమాని సొత్తగుటచే వారిని కొంత జాగ్రత్తతో కాపాడుకొందురనియు, సేవకులు అయిదేండ్ల సొత్తు మాత్రమే యగుటచే వారిని ఆ అయిదేండ్లలో అరగదీయుదురనియు.

ఈ మాట ఆధారముగా సేవకుల స్థితి బానిసలకంటె హీనమని వాదించువారు నేటికిని కలరు. అది సమంజసము గాదు. లిగన్ చూచినది ఆనాటి తిండిని, పనిని, హక్కులను గాదు. సేవకుడు న్యాయస్థానమున ఫిర్యాదు చేయగలడు, సాక్ష్యము చెప్పగలడు, అతని సేవకు ముగింపు కలదు, అతని బిడ్డలు స్వతంత్రులు. బానిసకు ఈ నాలుగింటిలో ఒక్కటియు లేదు. 1661లో బార్బడోసు సభ సేవకులకొక శాసనమును, బానిసలకు వేరొక శాసనమును చేసి ఈ భేదమును స్థిరపరచెను.

శిక్షలు, శాసనములు: హక్కున్నంతమాత్రమున న్యాయము దొరకెనని చెప్పరాదు. 1624లో జేమ్సుటౌను న్యాయస్థానమున జాన్ ప్రాక్టర్ దంపతుల యింట సేవచేసిన ఎలిజబెత్ అబట్, ఇలయస్ హింటన్ అనువారల మరణమును గూర్చి సాక్ష్యములు తీసికొనిరి. అబట్ అను నామెకు పలుమార్లు కొరడాదెబ్బలు పడెననియు, ఒక పర్యాయము అయిదువందలు పడినట్లు లెక్కించితిమనియు సాక్షులు చెప్పిరి. ఆమె పారిపోయి ఇరుగుపొరుగుల శరణుజొచ్చినప్పుడెల్ల వారు ఆమెను తిరిగి యజమానియింటికే చేర్చిరి. 

1662 నాటి వర్జీనియా శాసనములను చదువునపుడు అవి నిషేధించుచున్న దానినిబట్టి జరుగుచున్న దానిని తెలిసికొనవచ్చును. క్రూరులైన యజమానుల ప్రవర్తనవలన వలసకు అపకీర్తి కలిగి కొత్తవారు వచ్చుటకు వెరచుచున్నారని చెప్పుచు ఒక శాసనము సేవకులకు తగిన తిండి, బట్ట, వసతి నీయవలెనని విధించెను. సేవకులు చంపబడిరను అనుమానములు పుట్టుచున్నవి గనుక రహస్యముగా పాతిపెట్టరాదనియు, పొరుగువారిని ముగ్గురు నలుగురిని పిలిచి శవమును చూపి, కంచె వేసిన బహిరంగ శ్మశానముననే పాతవలెననియు వేరొక శాసనము నిర్దేశించెను.

అయినను శాసనసభ మనస్సు నిజముగా లగ్నమైనది కాలమును పొడిగించు విషయమున. సేవకుడు అనుమతి లేక రహస్యముగా పెండ్లాడిన ఒక యేడు హెచ్చు. 1643 శాసనముప్రకారము పారిపోయినవాడు పోయిన కాలమునకు రెట్టింపు సేవ చేయవలెను. రెండవమారు పారిపోయినచో చెంపపై కాల్చి ముద్ర వేయుదురు. మేరీలాండులో ఒక దినమునకు పది దినములు. కొరడాదెబ్బ పడిన శరీరము మరునాడు పనికిరాదు, చెరలో పెట్టినచో యజమానికే నష్టము. సేవకునియొద్ద జుల్మానాగా రాబట్టదగినది కాలము తప్ప మరేమియు లేదు. అందుచే నేరమెంతటిదైనను శిక్ష దినములలోను, ఏండ్లలోను కొలువబడెను.

స్త్రీల విషయమున ఈ కొలత వికృతరూపమును ధరించెను. అవివాహితయగు సేవకురాలు బిడ్డను గన్నచో యజమానికి రెండేండ్ల సేవగాని 2,000 పౌనుల పొగాకుగాని చెల్లింపవలెను. గర్భమునకు యజమానియే కారకుడైన సందర్భములు పెరిగి, తాను చేసిన తప్పిదమువలన తనకే రెండేండ్ల లాభము కలుగుచుండుట సభవారికిని వెగటు గొల్పెను కాబోలు. 1662 డిసెంబరు శాసనమున దానికొక విరుగుడు కనుగొనిరి. ఆ రెండేండ్లు యజమానికి రావు. గడువు తీరినపిదప ఆమెను చర్చి పెద్దలు రెండేండ్లకు వేరొకనికి విక్రయించి వచ్చిన పొగాకును పల్లెకు జమకట్టుదురు. ఆమెను విడిచిపుచ్చినచో ప్రతి సేవకురాలును నెపమును యజమానిపై మోపునని సభవారు భయపడిరట. తప్పుచేసినవాని లాభము నివారింపబడినది, ఆమె శిక్ష మాత్రము నిలిచినది.

1640 జూలైలో ఇచ్చిన ఒక తీర్పు ఈ చరిత్రలో మలుపుగా పరిగణింపదగినది. హ్యూ గ్విన్ అను యజమానియొద్దనుండి మువ్వురు సేవకులు మేరీలాండునకు పారిపోయి పట్టుబడిరి. ముగ్గురకును ముప్పదేసి కొరడాదెబ్బలు. విక్టర్ అను డచ్చివానికిని, జేమ్సు గ్రెగరీ అను స్కాట్లండువానికిని యజమానికి ఒక యేడును, వలసప్రభుత్వమునకు మూడేండ్లును అదనపు సేవ. మూడవవాడగు జాన్ పంచ్ నీగ్రో, అతనికి యావజ్జీవసేవ. నేర మొక్కటే, పారిపోయిన దారియు ఒక్కటే. కాలమును పొడిగించు శిక్షకు హద్దు లేకుండ చేసినచో అది దాస్యమగునని న్యాయస్థానము ఆనాడే చూపినది.

ప్రతిఘటన: పారిపోవుటయే ప్రతిఘటన కాలేదు. బార్బడోసున లిగన్ నివసించిన కాలముననే సేవకులు యజమానులను హతమార్చి ద్వీపమును వశపరచుకొన నుద్దేశింపగా, కుట్ర వెల్లడియై 18 మంది ఉరితీయబడిరి. వర్జీనియాలో యార్కు జిల్లా సేవకులు 1661లో వారమునకు మూడుసార్లు మాంస మీయవలసియుండగా మొక్కజొన్నయు నీళ్లును మాత్రమే ఇచ్చుచున్నారని గుమిగూడి ఆయుధములు పట్టుటకు ఆలోచించిరి. వారిలో ఐజక్ ఫ్రెండ్ ముఖ్యుడు. 1663లో గ్లాస్టరు జిల్లాలో జరిగిన మరియొక ప్రయత్నమును బర్కెన్‌హెడ్ అను సేవకుడు బయటపెట్టెను. సభ అతనికి స్వేచ్ఛనొసగి 5,000 పౌనుల పొగాకు బహూకరించి, కుట్ర తలపెట్టిన సెప్టెంబరు 13వ తేదీని ఏటేట ప్రార్థనాదినముగా పాటింపవలెనని నిర్ణయించెను. యజమానుల గుండెలలో ఎంతటి భయము చొరబడెనో ఈ పండుగయే చెప్పుచున్నది.

1676లో వర్జీనియా గవర్నరు బర్క్‌లీపై తోటయజమాని నథానియల్ బేకన్ తిరుగుబాటు చెలరేగినపుడు అతడును, గవర్నరును తమ పక్షమున చేరిన సేవకులకు స్వేచ్ఛ నిత్తుమని పోటీపడి ప్రకటించిరి. ఆ సెప్టెంబరులో జేమ్సుటౌను భస్మమైనది. అక్టోబరులో బేకన్ రక్తగ్రహణితో మరణించెను. చివరిదాక ఆయుధములు విడువనివారిలో ఇంచుమించు 80 మంది నీగ్రోలును, 20 మంది ఇంగ్లీషు సేవకులును ఒక్కటిగా నిలిచియుండిరి. కప్తాను థామస్ గ్రాంథమ్ వారికి మాయమాటలు చెప్పి పడవ నెక్కించి, ఫిరంగుల నెదుట నిలిపి లొంగదీసి యజమానుల కప్పగించెను. నలుపు తెలుపుల నడుమ కుదిరిన ఆ మైత్రి తోటల దొరల నిద్ర చెరచినదని చెప్పుటలో అతిశయోక్తి లేదు.

విడుదల పిదప: బ్రతికి గడువు ముగించినవారి భాగ్యము వారు వచ్చిన కాలమునుబట్టి యుండెను. మేరీలాండునకు 1642కు లోపల వచ్చిన 275 మంది సేవకుల బ్రతుకులను చరిత్రకారుడు రస్సెల్ మెనార్డ్ దస్తరములనుండి వెలికితీసెను. విడుదలయై అచ్చటనే నిలిచినట్లు తెలియవచ్చినవారు 158 మంది. వారిలో సగముమంది భూస్వాములైరి, కొందరు న్యాయాధికారులు, సభాసదులు గూడ నైరి. 1621లో వర్జీనియా చేరిన ఆంటనీ జాన్సన్ అను ఆఫ్రికావాడు స్వతంత్రుడై 1651 నాటికి 250 ఎకరములు సంపాదించెనన్న, ఆ తొలినాళ్లలో దారి యెంత తెరచియుండెనో తెలియును. 1660 దాటినపిమ్మట ఆ దారి మూసికొనిపోయెను. నదీతీరపు మంచినేలలు పెద్ద యజమానుల వశమయ్యెను. పొగాకు ధర పడియుండెను. విడుదలైనవాడు పరాయినేల కౌలుకు చేయుటయో, సరిహద్దుల యడవులకు పోవుటయో తప్ప గత్యంతరములేనివాడయ్యెను. 1670లో అట్టి నేలలేనివారికి వర్జీనియా సభ ఓటుహక్కును గూడ తొలగించెను. చిన్న ద్వీపమగు బార్బడోసులోనైతే చెరకు ఆక్రమింపని నేలయే మిగులలేదు. అచ్చట మిగిలిపోయిన పేద శ్వేతజాతీయుల సంతతిని ‘ఎఱ్ఱకాళ్లవారు’ అని నేటికిని పిలుతురు.

క్షీణత, పునరుద్ధరణము: 17వ శతాబ్దము ముగియువేళకు ఇంగ్లండులో కూలిరేట్లు మెరుగుపడి వచ్చువారు తగ్గిరి. బానిసల వ్యాపారమున రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి గల గుత్తాధికారము 1698లో తొలగుటతో బానిసలను తెచ్చు ఓడలు పెరిగెను. యజమానుల దృష్టిలో గడువు లేని శ్రమ లాభసాటిగా తోచెను. 1705లో వర్జీనియా సభ సమగ్రశాసనము చేసి, క్రైస్తవుడగు శ్వేతసేవకుని న్యాయాధికారి యాజ్ఞ లేక వస్త్రము లూడదీసి కొట్టరాదని విధించెను; పురుషునకు పది బుషెళ్ల మొక్కజొన్న, 30 షిల్లింగులు, ఒక తుపాకియు, స్త్రీకి పదునైదు బుషెళ్ల మొక్కజొన్న, 40 షిల్లింగులును విడుదలకానుకగా నిర్ణయించెను. అదే శాసనకాలమున బానిసలపై ఉచ్చు మరింత బిగించెను. సేవకుని చేతికి తుపాకి యందించుటలోని ఉద్దేశము 1676ను జ్ఞప్తియం దుంచుకొన్నవారికి సుబోధకము.

కరారుపద్ధతి అంతటితో అంతరింపలేదు. 1718 శాసనముతో నేరస్థులను పంపుట క్రమబద్ధమై 1775 వరకు ఇంచుమించు 50,000 మంది అమెరికా చేరిరి. 1756లో మేరీలాండునుండి ఎలిజబెత్ స్ప్రిగ్సు అను యువతి లండనులోని తండ్రికి వ్రాసిన జాబులో, రేయింబవళ్ల చాకిరి, కట్టివైచి కొట్టుట, కాళ్లకు జోళ్లు లేకుండుట, కంబళి చుట్టుకొని నేలపై పండుట మొదలగు మాటలు చదివినపుడు ఫ్రెథార్న్ జాబునకును దీనికిని నడుమ 133 ఏండ్లు గడచినట్లు తోచదు.

బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దు కాగానే చెరకు తోటల యజమానులకు ఈ పాత పత్రము మరల స్ఫురించెను. ఈ పర్యాయము సంతకములకును వ్రేలిముద్రలకును వారు హిందూదేశమువైపు చూచిరి. మారిషసు, గయానా, ట్రినిడాడు, నేటాలు, ఫిజీలకు అయిదేండ్ల కరారుపై తరలిపోయిన లక్షలాది జనులలో మదరాసు రేవునుండి పోయిన తెలుగువారును కలరు. 1860 నవంబరు 16న ట్రూరో అను నావ మదరాసునుండి 342 మంది కూలీలతో డర్బను రేవున దిగెను. వారిలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరి. పని మానినవానిని చెరసాలకు పంపు నిబంధన ఈ కొత్త పత్రములలోనూ చోటు చేసికొనెను. హిందూదేశమునుండి కరారుకూలీల నెగుమతి చేయుట 1917లో నిలిపివేయబడెను.